ఈకలూ తోకలూ: వసంతంలో కొండెక్కేవారికి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి: చలి తగ్గింది, కొండలకు వెళ్తున్నాం, పిట్టలను చూడాలి, ఏం చేయమంటారు? కొన్ని ఎంచి జవాబులు రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. జవాబు ఎక్కడైనా పాఠంలా సాగితే ఓర్చుకోండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేనూ మావారూ ఏప్రిల్ రెండో వారంలో ఐదు రోజుల కోసం హిమాలయాలకు వెళ్తున్నాం. పక్షుల కోసమే వెళ్ళడం ఇదే మొదటిసారి. నాలుగు చోట్ల బస అనుకున్నాం. డిసెంబరులో వెళ్ళొచ్చిన స్నేహితురాలు ఒకే చెట్టు మీద ముప్ఫై పిట్టలను చూశానని చెప్పింది. మాకు ఎన్ని రకాలు కనబడవచ్చు? వంద దాటుతాయా?

జవాబు: నాలుగు బసలు వద్దమ్మా, రెండు చాలు. బస మార్చిన ప్రతిసారీ మీకు ఒక ఉదయం పోతుంది. కొండల్లో పిట్టల రోజంటే ఉదయమే. సామాను సర్దుకుని, బండెక్కి, మలుపులన్నీ తిరిగి, కొత్త చోట గది తలుపు తీసేసరికి పొద్దెక్కుతుంది. పాడవలసినవన్నీ అప్పటికి పాడి ఊరుకుంటాయి.

నా మొదటి ప్రయాణం అచ్చం మీ పథకం లాంటిదే. ఏడు రోజులు, ఐదు బసలు. తిరిగి వచ్చి లెక్క వేసుకుంటే నూట పన్నెండు రకాలు తేలాయి. కనబడిన వాళ్ళందరికీ ఆ సంఖ్య చెప్పుకున్నాను కూడా. ఏడాది తర్వాత అదే నోటు పుస్తకం తెరిచి చూస్తే, అందులో సగం పేర్లకు నా మనసులో బొమ్మే లేదు. పేరుంది, తేదీ ఉంది, పిట్ట లేదు. అందుకని ఎన్ని రకాలు కనబడతాయన్న మీ ప్రశ్నకు జవాబు చెప్పను. చెబితే ఆ అంకె మీతో పాటు కొండెక్కుతుంది.

రెండు బసలు ఎంచుకునేటప్పుడు వాటి మధ్య దూరం కన్నా ఎత్తులో తేడా చూడండి. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అందుకే వసంతం కొండంతటికీ ఒక్క రోజున రాదు. కింది లోయలో మొదలై వారం వారం పైకెక్కుతుంది. ముందు చిగుళ్ళు, చిగుళ్ళ వెంట పురుగులు, పురుగుల వెంట పిట్టలు. వలస అనగానే మనకు సముద్రాలు దాటే ప్రయాణాలే గుర్తొస్తాయి కానీ, కొండల్లో నిలువు వలస ఉంది. చలికాలమంతా కింది లోయల్లో గడిపి, ఎండ ముదిరేకొద్దీ రెండు వేల మీటర్లకు, మూడు వేల మీటర్లకు, ఇంకా పైకి జరిగే పిట్టలు బోలెడు. ఏప్రిల్ మధ్యలో వెళ్తే అవి దారిలో ఉంటాయి. ఒక బస పదిహేను వందల నుంచి రెండు వేల మీటర్ల దగ్గర, రెండోది రెండున్నర వేలు దాటి ఉంటే, ఒకే వారంలో రెండు ఋతువులు చూసినట్టు. పైనున్న బస దగ్గర మంచు ఇంకా మిగిలి ఉండవచ్చు. ఆ మంచు కరిగిన అంచున, తడి నేలను ముక్కుతో పెళ్ళగిస్తూ మోనాల్ కనబడితే మీ అదృష్టం. కోడి కన్నా పెద్దది, మగదాని ఒంటి మీద రాగి, పచ్చ, ఊదా రంగులు కలిసి మెరుస్తాయి. నీడలో మాత్రం మసిబారిన గిన్నెలా ఉంటుంది. ఆ మెరుపు రంగు వేసినది కాదు, ఈక కట్టుబడిలో ఉన్నది. వెలుతురు సరైన కోణంలో పడితేనే బయటపడుతుంది. కాబట్టి మీ వీపు సూర్యుడి వైపు ఉండేలా నిలబడండి. దారీ కాలమూ కుదిరితే ఇంతకన్నా పెద్ద చిట్కా నా దగ్గర లేదు.

ముప్ఫై పిట్టల చెట్టు సంగతి. మీ స్నేహితురాలు అబద్ధం చెప్పలేదు. చలికాలంలో చిన్న పిట్టలు రకాల తేడా లేకుండా గుంపులు కట్టి తిండి వెతుక్కుంటాయి. ఒక జత కళ్ళకు బదులు అరవై కళ్ళు గద్దను కనిపెట్టుకుని ఉంటాయి కదా. గుంపు వచ్చి చెట్టు మీద వాలితే చెట్టంతా కదులుతుంది, ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. వసంతం రాగానే ఆ గుంపులు విడిపోతాయి. జంటలు కట్టి, ఎవరి చోటు వారు పంచుకుని, పక్కవాడిని రానివ్వకుండా పాడడం మొదలుపెడతాయి. కాబట్టి మీకు ముప్ఫై పిట్టల చెట్టు దొరకకపోవచ్చు. దానికి బదులు ఒకే పిట్ట రోజూ అదే కొమ్మ మీదికి వచ్చి అదే పాట పాడడం దొరుకుతుంది. రెండో రోజు ఉదయం ఆ కొమ్మను గుర్తుపట్టి అక్కడికే వెళ్ళండి. మూడో రోజుకు అది మీ పిట్ట అవుతుంది.

రోడోడెండ్రాన్ పూసిన చెట్టు కనబడితే దాటి పోకండి. ఎర్రటి గుత్తులతో దూరం నుంచే తెలుస్తుంది. దాని కింద పావుగంట ఉంటే తేనెపిట్టలు, పికిలిపిట్టలు, సిబియాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. సిబియా అంటే ఇటుక వన్నె ఒళ్ళు, నల్లటి టోపీ లాంటి తల. పువ్వులో తల దూర్చి తేనె తాగి పైకి తీసినప్పుడు చూడండి, నల్లటి నొసటి మీద పిండి పూసినట్టు పుప్పొడి ఉంటుంది. అలాగే పక్క పువ్వుకు పోతుంది. పాఠ్యపుస్తకంలో పరాగ సంపర్కం బొమ్మ గీయించి గీయించి నా చేతులు నొప్పిపెట్టేవి. ఆ నొసలు ఒక్కటి చూపిస్తే సరిపోయేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక రోజు గడపడం. వెలుతురు రాకముందే లేవాలి. మసక చీకట్లో వాగు వైపు నుంచి ఎవరో మనిషి ఈల వేస్తూ పోతున్నట్టు వినబడితే అది నీలి విజిలింగ్ థ్రష్. ఆ చీకట్లో అన్నీ ఒకేసారి మొదలుపెట్టవు. మొత్తం మీద పెద్ద కళ్ళున్న పిట్టలు ముందు పాడతాయని పరిశోధకులు గమనించారు, మసక వెలుతురులో వాటికి ముందు చూపు ఆనుతుంది మరి. సూర్యోదయానికి అరగంట ముందు బయటికొచ్చి ఒకచోట కూర్చుని, కొత్త గొంతు కలిసినప్పుడల్లా పుస్తకంలో ఒక గీత పెట్టండి. పేర్లు అక్కర్లేదు. ఎన్ని గొంతులో తెలిస్తే చాలు.

తొమ్మిది, పది గంటలకు ఎండ తగిలి కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. అప్పుడు చెట్లను వదిలి ఆకాశం చూడండి. రెక్క ఆడించకుండా తేలిపోయే రాబందుల వేళ అది. వాటిలో గడ్డం రాబందు ఉంటే దాని తోక గుర్తు పెట్టుకోండి, శూలం మొనలా ఉంటుంది. అది ఎక్కువగా తినేది ఎముకలనే. పెద్ద ఎముకలను పైకి ఎత్తుకుపోయి బండల మీదికి జారవిడిచి పగలగొట్టుకుంటుంది. మధ్యాహ్నం పిట్టలూ పడుకుంటాయి, మీరూ పడుకోండి.

ఒక పూట మాత్రం పూర్తిగా సెలయేటికి ఇవ్వండి. మీ ఐదు రోజుల్లో నాకు వాటా ఇస్తానంటే ఆ పూట అడిగి తీసుకుంటాను. వాగు మధ్యలో తడిసిన బండ, దాని మీద తెల్లటి రెట్టల మరకలు కనబడితే ఎదురుగా ఒడ్డున కూర్చోండి. కాసేపటికి కాఫీ గింజ రంగులో, గుండ్రంగా, తోక కత్తిరించినట్టున్న పిట్ట ఒకటి వచ్చి వాలుతుంది. అదే డిప్పర్. వాలగానే గుంజీలు తీయడం మొదలుపెడుతుంది. మోకాళ్ళు వంచి లేస్తుంది, మళ్ళీ వంచి లేస్తుంది, ఎవరో శిక్ష వేసినట్టు. రెప్ప వేసినప్పుడల్లా కంటి మీద తెల్లగా మెరుస్తుంది. నేను మొదటిసారి ఆ తెలుపును నీటి చుక్క అనుకున్నాను. మీరు దాని గుంజీలకు నవ్వుకుంటూ ఉండగానే అది బండ అంచు నుంచి నీళ్ళలోకి నడిచిపోతుంది. దూకడం కాదు, నడవడమే. తల మునిగిపోతుంది. ఉరవడి ఎంతున్నా రెక్కలు ఆడించుకుంటూ అడుగున రాళ్ళ సందుల్లో పురుగులు ఏరుకుని, ఇంకోచోట తేలి, అదే బండ మీదికి వస్తుంది. ఒంటి మీద ఒక్క చుక్క నిలవదు. ముక్కులో ఏదో కదులుతూ ఉంటుంది. మళ్ళీ గుంజీలు. నేను ఒకసారి రెండు గంటలు ఒకే డిప్పర్‌ను చూశాను. ఆ రోజు పుస్తకంలో ఒకే పేరు రాశాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ పేజీ తెరిస్తే నీటి చప్పుడు కూడా వినిపిస్తుంది.

ప్రశ్న: రెండున్నర వేల మీటర్ల పైన తలనొప్పి వస్తుందంటారు, నిజమేనా? ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

జవాబు: నిజమే, కొందరికి వస్తుంది. ఒక్క రోజులో మైదానం నుంచి అంత ఎత్తుకు ఎక్కకుండా మధ్యలో ఒక రాత్రి ఆగండి. తలనొప్పికి వాంతులో, తూలుడో తోడైతే పిట్టల సంగతి మరచిపోయి కిందికి దిగండి. బట్టలు మట్టి రంగులోనో ఆకు రంగులోనో ఉంటే చాలు. నడిచేటప్పుడు బరబరమని చప్పుడు చేసే వానకోటు మాత్రం వద్దు. రంగు కన్నా ఆ చప్పుడే పిట్టలను ఎక్కువ తరుముతుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ళ మా అబ్బాయి అడిగాడు: పిట్టల దగ్గర క్యాలెండర్ లేదు కదా, వసంతం వచ్చిందని వాటికి ఎలా తెలుస్తుంది? వేడి వల్ల అని చెప్పాను. సరేనా?

జవాబు: సగం సరి. వేడిని నమ్ముకుంటే పిట్టలు మోసపోతాయి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు వెచ్చగా ఉండి మళ్ళీ మంచు కురవడం కొండల్లో మామూలే. మోసం చేయనిది పగటి పొడవు.

దీన్ని తేల్చినవారిలో కెనడాకు చెందిన విలియం రోవన్ ముఖ్యుడు. 1920లలో ఎడ్మంటన్‌లో జంకో అనే చిన్న పిట్టలను చలికాలంలో ఆరుబయట పంజరాల్లో ఉంచి, రోజూ సాయంత్రం విద్యుద్దీపాలు వెలిగించి పగటిని కొంచెం కొంచెంగా పొడిగించాడు. చుట్టూ నీళ్ళు గడ్డకట్టే చలి. అయినా ఆ పిట్టల లోపలి అవయవాలు వసంతం వచ్చినట్టే పెరిగాయి. చలి వాటిని ఆపలేదు, వెలుతురు వాటిని లేపింది.

మీ అబ్బాయికి ఇంకో మాట కూడా చెప్పండి, తప్పకుండా నచ్చుతుంది. ఆ పగటి పొడవును పిట్ట కొలిచేది కళ్ళతో కాదు. పలచటి పుర్రె గుండా వెలుతురు లోపలికి దిగుతుంది, మెదడు లోతుల్లో ఉన్న కొన్ని కణాలు దాన్ని పసిగడతాయి. ఈ సంగతి తరగతిలో చెప్పిన ప్రతిసారీ పిల్లలు వాళ్ళ నెత్తి తడుముకునేవారు. వేడి చేసే పని లేదనను. ఏ రోజు గూడు మొదలుపెట్టాలి లాంటి సర్దుబాట్లు వాతావరణాన్ని బట్టి ఉంటాయి. మీరు చెప్పిన సగం అదే.

ప్రశ్న: బైనాక్యులర్ కొనాలి. ఎనిమిది రెట్లదా, పది రెట్లదా? నాకు కళ్ళద్దాలున్నాయి. కొన్నిటి మీద 8×42 అని ఉంటుంది, ఆ 42 ఏమిటి?

జవాబు: ఎనిమిది రెట్లదే తీసుకోండి. పది రెట్లది పిట్టతో పాటు మీ చేతి వణుకునూ పది రెట్లు చేస్తుంది. పైగా ఎనిమిది రెట్ల దానిలో సాధారణంగా ఒక్క చూపుకు ఎక్కువ చోటు కనబడుతుంది. ఆకుల్లో గెంతే పిట్టను పట్టుకోవడానికి ఆ వెడల్పు కావాలి. 42 అంటే ముందున్న అద్దం అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. దాన్ని ఎనిమిదితో భాగిస్తే ఐదుకు పైన వస్తుంది, అదే పదితో అయితే నాలుగు చిల్లర. మీ కంటికి అందే వెలుగు కట్ట వెడల్పు అది. వేకువ చీకట్లో ఆ తేడా తెలుస్తుంది.

కళ్ళద్దాలు తీయకండి. కంటి దగ్గరుండే రబ్బరు చుట్లను కిందికి దించి, అద్దాల మీదే ఆనించి చూడండి. కుడి కంటి దగ్గర విడిగా తిరిగే చుట్టు ఒకటి ఉంటుంది. చాలామంది ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోరు. కుడి వైపు మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేయండి. తర్వాత ఎడమ వైపు మూసి, ఆ చుట్టు తిప్పి కుడి కంటికి సరిచేయండి. ఒక్కసారి చేస్తే చాలు.

అసలు తప్పు కొనడంలో కన్నా ఎత్తడంలో జరుగుతుంది. కొత్తవాళ్ళు పిట్ట కనబడగానే తల దించి, బైనాక్యులర్ వెతికి, కళ్ళకు పెట్టుకుని, ఆ తర్వాత చెట్టంతా గాలిస్తారు. చూపు పిట్ట మీది నుంచి తిప్పకండి. చూస్తూనే చేతులు పైకి తెచ్చి చూపుకు అడ్డంగా పెట్టండి. ఇంటి గోడ మీద మేకును చూస్తూ రోజుకు ఇరవైసార్లు సాధన చేస్తే వారంలో వస్తుంది. మా ఇంట్లో వాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి.

ప్రశ్న: పిట్ట పాటను ఫోనులో మోగిస్తే అది మన దగ్గరికే వస్తుందట. ఫొటోలు బాగా వస్తాయట. చేయవచ్చా?

జవాబు: వసంతంలో చేయవద్దు. వస్తుందన్నది నిజమే. మరి ఎందుకు వస్తుంది? తన చోటులోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని పోట్లాటకు వస్తుంది. పాడడం మాని, తినడం మాని, ఆడపిట్టను ఒంటరిగా వదిలి, కనబడని శత్రువు కోసం కొమ్మ కొమ్మా వెతుకుతుంది. మనమేమో ఎంత ముద్దుగా ఉందో అంటాం.

ఒక లోయలో మాతో వచ్చిన ఒక బృందం ఒకే పొద దగ్గర అదే పాటను మళ్ళీ మళ్ళీ మోగించింది. నల్ల గొంతు, ఎర్ర రొమ్ము ఉన్న పిట్ట, గడ్డి పోచ ఒకటి ముక్కున పెట్టుకుని వచ్చింది. గూటికి తీసుకుపోతున్న పోచ. మొదటి రెండుసార్లు దాన్ని పట్టుకునే ఇటూ అటూ ఎగిరింది. మూడోసారి అరవడానికి నోరు తెరిచింది, పోచ జారిపోయింది. నేను అక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే మొహమాటపడ్డాను. ఆ మొహమాటం ఇప్పటికీ గుచ్చుకుంటుంది కాబట్టే ఈ ప్రశ్నకు ఇంత కటువుగా రాస్తున్నాను. గూళ్ళ ఫొటోల గురించి కూడా ఇదే జవాబు. మీరు కొమ్మ పక్కకు జరిపిన చోటు కాకికీ కనబడుతుంది.

పాటలను ఇంట్లో విని నేర్చుకోవడానికి ఫోను చాలా మంచిది. కొండ మీద జేబులో ఉండనివ్వండి.

ప్రశ్న: కిందటి వసంతంలో తీసిన ఫొటో పంపుతున్నాను. ఆకుపచ్చ పిట్ట, కంటి మీద పసుపు గీత, రెక్క మీద ఒక చార. పుస్తకంలో ఇలాంటివి పన్నెండు ఉన్నాయి. పేరు చెప్పగలరా?

జవాబు: చెప్పలేను. ఫొటో మసకగా ఉందని కాదు, స్పష్టంగా ఉన్నా చెప్పలేకపోవచ్చు. అది లీఫ్ వార్బ్లర్ల కుటుంబం వరకు సరే. ఆ కుటుంబంలో అన్నదమ్ములందరూ ఒకే దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకున్నట్టుంటారు. గొంతు విప్పితేనే ఎవరెవరో తెలుస్తుంది. మీ ఫొటోలో పిట్ట ఉంది, పాట లేదు. ఆ రోజు పాడిందా? పాట ఎత్తుకుని దిగిందా, ఒకే స్వరం మీద దడదడమందా? గుర్తుంటే రాయండి, వెతుకుదాం.

ఇందులో సిగ్గుపడవలసింది లేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు, అందరూ ఒకే రకం అనుకుంటున్న ఇలాంటి పిట్టలు నిజానికి మూడు రకాలని పాటల తేడాను బట్టి పట్టుకున్నాడు. ఆయన దగ్గర కెమెరా లేదు, రికార్డరు లేదు.

పాత కథ అనుకుంటారేమో, మన కాలంలోనూ జరిగింది. 2009లో అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఆల్‌స్ట్రోమ్, భారతీయ పరిశోధకుడు శశాంక్ దళ్వి పక్షులను పరిశీలిస్తున్నారు. అక్కడ ప్లెయిన్-బ్యాక్డ్ థ్రష్ అనే పిట్ట ఒకటుంది. చెట్ల వరుస దాటిన రాతి నేల మీద అది గరగరమని పాడుతోంది. కాస్త కింద అడవిలో అదే పిట్ట, అంటే అదే అనుకున్న పిట్ట, తీయగా పాడుతోంది. చూడడానికి తేడా దాదాపు లేదు. చెవికి ఉంది. ఆ అనుమానం పట్టుకుని ఏళ్ళ తరబడి మ్యూజియాల్లో నమూనాలను, పాటలను, జన్యువులను పోల్చి చూసి, అడవిలోది వేరే జాతి అని 2016లో ప్రకటించారు. దానికి సలీం అలీ పేరు పెట్టారు. శాస్త్రీయ నామం Zoothera salimalii. మన దేశంలో పక్షుల చదువుకు పెద్ద దిక్కైన మనిషి పేరు ఆయన పోయాక దాదాపు ముప్ఫై ఏళ్ళకు ఒక పాటగాడికి వచ్చింది. ఎందరో చూసిన పిట్టే అది. విన్నవాళ్ళు దొరికేదాకా ఆగింది.

ప్రశ్న: కిందటి సంచికలో మీరు "పాడేది మగపిట్ట, వినేది ఆడపిట్ట" అని రాశారు. ఇది ఎంతవరకు నిజం? మీరే ఇలా రాస్తే ఎలా మేడమ్?

జవాబు: తప్పే. ఒప్పుకుంటున్నాను. నేను చదువుకున్న పుస్తకాల్లో అలాగే ఉండేది, పిల్లలకూ అలాగే చెప్పాను. ఆ పుస్తకాలకు ఆధారం ఎక్కువగా ఐరోపా, ఉత్తర అమెరికా పిట్టలు. అక్కడ మగవాటి పాటే ఎక్కువగా వినబడుతుంది. 2014లో ప్రపంచమంతటి పాటపిట్టల సమాచారాన్ని కూర్చి చూస్తే, వివరాలు దొరికిన జాతుల్లో 71 శాతంలో ఆడపిట్టలూ పాడుతున్నట్టు తేలింది. అంటే మనం పాడుతున్న పిట్టను చూసి, మగదే అయ్యుంటుందని రాసుకుని ముందుకు పోయిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. నా నోటు పుస్తకాల్లో చాలాచోట్ల పక్కన "మ" అని ఉంటుంది. వాటి పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెడుతున్నాను. రాసి పంపినందుకు కృతజ్ఞతలు, కొంచెం మెత్తగా తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ప్రశ్న: నాకు అరవై మూడేళ్ళు. మోకాళ్ళు పరవాలేదు కానీ చెవి కాస్త మందగించింది. మీరేమో ప్రతి నెలా వినండి, వినండి అని రాస్తారు. నాలాంటివాళ్ళు ఇప్పుడు మొదలుపెడితే ఏం లాభం?

జవాబు: మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా సంగతి కూడా అదేనండి. ఇంతవరకు ఈ పేజీలో రాయలేదు.

వయసు ముందు హెచ్చు స్వరాలను తీసుకుపోతుంది. మాటలు వినబడుతూనే ఉంటాయి, అందుకని ఏం పోయిందో మనకు తెలియదు. కొండల్లో దేవదారు చెట్ల కొనల్లో గోల్డ్‌క్రెస్ట్ అనే పిట్ట ఉంటుంది. బరువు ఆరు గ్రాములు, అటూ ఇటూ. దాని పాట సూదిమొనంత సన్నం. మనిషి చెవి అందుకోలేక వదిలేసే మొదటి పాటల్లో అదొకటి. రెండు వసంతాలు వరుసగా వెళ్ళి, గోల్డ్‌క్రెస్ట్‌లు తగ్గిపోయాయని పుస్తకంలో రాసుకున్నాను. కారణాలు కూడా ఊహించాను. మూడో ఏడు పన్నెండేళ్ళ మనవరాలిని వెంట తీసుకెళ్ళాను. మొదటి ఉదయం ఒక చెట్టు కింద కూర్చున్నాం. నిశ్శబ్దంగా ఉంది. నాకు.

"అమ్మమ్మా, అదేమిటి, ఆపకుండా పాడుతోంది?" అంది.

ఎక్కడ అన్నాను. చెట్టు పైకి చూపించింది. ఏమీ వినబడలేదని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత చెప్పాను. అది జాలిపడలేదు, పిల్లలకు అంత తీరిక ఉండదు. ఒక ఏర్పాటు చేసింది. పాట మొదలైనప్పుడు వేలు పైకెత్తుతుంది, ఆగినప్పుడు దించుతుంది. పిట్ట కొమ్మ మారితే వేలూ ఆ వైపు తిరుగుతుంది. నేను దాని వేలు చివర నుంచి గీత గీసినట్టు బైనాక్యులర్ పైకి తీసుకుపోయాను. ఆకుల మధ్య బొటనవేలంత పిట్ట, నోరు తెరిచి ఉంది, గొంతు వణుకుతోంది. నడినెత్తి మీది పసుపు గీత విచ్చుకుని లోపలి నారింజ రంగు నిప్పుకణికలా బయటపడింది. చప్పుడు లేదు. పక్కన వేలు మాత్రం నిటారుగా ఉంది.

కాబట్టి మీరు వెళ్ళండి. ముందు చెవి పరీక్ష చేయించుకోండి, వినికిడి యంత్రంతో కొన్ని స్వరాలు తిరిగి వస్తాయి. థ్రష్‌లు, కోకిల జాతి, వడ్రంగిపిట్ట మోత ఇవన్నీ తగ్గు స్వరాలే, ఇప్పటికీ మీవే. వాగు పక్కన కూర్చుంటే అక్కడ అందరి చెవులూ సమానం, నీటి హోరులో కుర్రవాళ్ళకూ సగం వినబడదు, కళ్ళతోనే వెతుక్కోవాలి. ఇంట్లో పదేళ్ళో పన్నెండేళ్ళో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్ళండి. వాళ్ళకు పొద్దున్నే లేవడం ఇష్టం ఉండదు, మొదటి రోజు గొణుగుతారు.

ఆ ఉదయం నా పుస్తకంలో గోల్డ్‌క్రెస్ట్ పేరు పక్కన రెండు గడులు గీశాను. చూసింది: నేను. విన్నది: మనవరాలు. పాత పేజీలు తిప్పి "తగ్గిపోయాయి" అన్న మాటను రెండుచోట్లా కొట్టేశాను.